పాత స్టేషన్ వ్యాగన్‌కు ఇంటి గరాజ్‌లో కొత్త ఊపిరి – నాలుగవ పాఠం: చక్రాల మెరుగు

ఈ ధారావాహికలో మనం చేతికి తీసుకున్నది వోల్వో 240 స్టేషన్ వ్యాగన్. 1974లో మొదలై 1993లో ఆగిపోయిన ఈ శ్రేణి కార్లు అమెరికాలో ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తూనే ఉన్నాయి. మన దేశంలో 1992లో వచ్చిన టాటా ఎస్టేట్‌ను చూసినవారికి, డిక్కీ స్థానంలో కప్పు చివరిదాకా సాగిపోయే ఆ పొడవాటి వెనుక భాగం కొత్తగా అనిపించదు. నా దగ్గరున్నది 1986 నాటి కారు. మొదటి పాఠంలో తుప్పును వెతికాము. రెండవ పాఠంలో వెనుక దీపాల రబ్బరుల గుండా లోపలికి కారే నీటిని ఆపాము. మూడవ పాఠంలో ఇంజను లోపలి ఆవిరి బయటికి వచ్చే గొట్టంలో మడ్డి పట్టిపోయే ఫ్లేమ్ ట్రాప్ అనే చిన్న జల్లెడను శుభ్రం చేసి, 1980 నుంచి 1987 వరకు తయారైన కార్లలో తొడుగు పొడిపొడిగా రాలిపోయే ఇంజను వైరింగును పరీక్షించాము. ఆ మూడు పనులూ ముగియనివారు ఈ పాఠాన్ని చదివి పక్కన పెట్టుకోవాలని నా మనవి. చక్రాలు తళతళలాడుతూ, నేల పలక మాత్రం చిల్లులు పడిన కార్లను నేను తగినన్ని చూశాను.

ఈ కారుకు నిజానికి ఉక్కు చక్రాలే ఉండేవి. ముందటి యజమాని మరో 240 నుంచి తెచ్చి బిగించిన, అయిదు ఆకులు (స్పోకులు) ఉన్న పదిహేను అంగుళాల అల్యూమినియం చక్రాలు నాకు కారుతో పాటు వచ్చాయి. వాటి అంచు యంత్రం మీద చెక్కిన మెరుపుతోనూ, ఆకుల మధ్య లోతులు బూడిద రంగు పూతతోనూ ఉంటాయి. అన్నింటి మీదా ఫ్యాక్టరీలో వేసిన పారదర్శకమైన లక్కర్ పూత ఒకటి ఉంటుంది. పాలిష్ డబ్బా మూత తీసే ముందు ఈ పూత సంగతి తేల్చుకోవాలి. చక్రాన్ని మెరిపించబోయి విసిగి వదిలేసినవారిలో చాలామంది రుద్దినది లోహాన్ని కాదు, లక్కర్‌ను.

తేల్చుకోవడం సులభమే. తెల్లని పాత గుడ్డకు కొంచెం అల్యూమినియం పాలిష్ రాసి, అంచు మీద ఒక అంగుళం మేర అర నిమిషం రుద్దండి. గుడ్డ నల్లబడితే మీ వేలి కింద ఉన్నది పూత లేని లోహం. గుడ్డ రంగు మారకపోతే అక్కడ లక్కర్ ఇంకా పట్టుకొని ఉన్నట్టు. ఈ పరీక్షను ఒకేచోట చేసి ఊరుకోకుండా చక్రానికి అయిదారు చోట్ల చేయాలి, ఎందుకంటే ముప్పయి ఏళ్లు దాటిన లక్కర్ ఒకచోట గట్టిగా ఉండి, పక్కనే లేచిపోయి ఉంటుంది. లేచిన చోట తేమా ఉప్పూ కిందికి దూరి, చెట్టు బెరడు కింద పురుగు తొలిచినట్టు వంకరటింకర తెల్లని గీతలు పాకుతాయి. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా రాష్ట్రాల్లో తిరిగిన కార్లకు ఇవి తప్పవు. ఆ గీతలు లక్కర్ కింద ఉన్నంతవరకు పైనుంచి ఎంత రుద్దినా పోవు.

ఇక చక్రాలను విప్పుదాం. కారును చదునైన కాంక్రీటు మీద నిలిపి, ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. ఈ కారులో చేతి బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కనుక, వెనుక భాగాన్ని ఎత్తిన మరుక్షణం చేతి బ్రేకు ఉన్నా లేనట్టే. నట్లను చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, ఆ తరువాత జాకీతో ఎత్తి, కారు బరువును స్టాండ్ల మీదికి దించాలి. జాకీ ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. నట్లన్నీ తీసినా చక్రం కదలకపోతే కంగారు పడవద్దు. చక్రం బిగిసే ఉక్కు హబ్బూ అల్యూమినియం చక్రమూ తడిలో ఏళ్ల తరబడి ఆనుకొని ఉంటే మధ్యలో తెల్లని చిలుము పెరిగి రెండింటినీ అతికించేస్తుంది. నట్లను తిరిగి రెండేసి చుట్లు మాత్రం ఎక్కించి, టైరు లోపలి వైపు నుంచి రబ్బరు మీద మొద్దు చెక్కతో నాలుగు వైపులా కొడితే అది ఊడి వస్తుంది. సుత్తితో లోహం మీద కొట్టకూడదు. చక్రం వెనుక పేరుకున్న బ్రేకు పొడిని గాలి గొట్టంతో ఊదకూడదు. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండి ఉండవచ్చు కనుక దాన్ని తడిపి, తడి గుడ్డతోనే తుడిచి, సంచిలో కట్టి పారవేయాలి.

వీలైతే టైర్లను దుకాణంలో తీయించి వట్టి చక్రాలను ఇంటికి తెచ్చుకోవడం మేలు. టైరు గోడ మీద డాట్ అనే గుర్తు వెంట ఉండే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. నా టైర్ల మీద ఉన్న అంకెలు చూశాక వాటిని తిరిగి ఎక్కించాలన్న ఆలోచన మానుకున్నాను. టైరు తీసినప్పుడు దాని లోపలి గట్టి అంచు, అంటే బీడ్, ఆనుకునే లోపలి గాడిని కూడా చూడండి. అక్కడ చిలుము పొక్కులు ఉంటే గాలి నెమ్మదిగా దిగిపోతుంది. చాలామంది దీన్ని వాల్వు దోషమనుకొని వాల్వులు మారుస్తూ ఉంటారు.

కడగడంలో నేను చేసిన తప్పును ఇక్కడ చెప్పుకోవాలి. మొదటి చక్రం మీది మడ్డి సబ్బునీటికి వదలడం లేదని, వంటింట్లో ఓవెన్ శుభ్రం చేసే నురుగు డబ్బాను తెచ్చి చల్లి, భోజనం చేసి వచ్చాను. వచ్చేసరికి పూత లేచిన చోటల్లా అల్యూమినియం బూడిద నలుపుకు తిరిగింది. సత్తు గిన్నెలో సోడా వేసి నీళ్లు కాస్తే గిన్నె నల్లబడుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆ నురుగులో ఉన్నది అంతకంటే ఎన్నో రెట్లు ఘాటైన క్షారం. ఆ నలుపును తీయడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. ఇక ఆమ్లపు క్లీనర్ల విషయానికి వస్తే, కొన్నింటిలో ఫ్లోరైడ్ లవణాలు ఉంటాయి. అవి చర్మం మీద పడినప్పుడు వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగాకనే తెలుస్తుంది. ఇంట్లో వాటి జోలికి పోవద్దు. సాధారణ కార్ షాంపూ, బ్రేకు పొడిలోని ఇనుమును కరిగించి ఊదా రంగుకు తిరిగే తటస్థమైన క్లీనరు, నైలాన్ బ్రష్షు చాలు. ఉక్కు పీచునూ ఉక్కు తీగల బ్రష్షునూ వాడకూడదు, వాటి ముక్కలు మెత్తని అల్యూమినియంలో గుచ్చుకొని, నెల తిరిగేసరికి తుప్పు చుక్కలుగా బయటపడతాయి.

లక్కర్‌ను తీయడానికి పెయింట్ రిమూవర్ కావాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పాతరకం రిమూవర్లు నిమిషాల్లో పూతను పొంగించేవి గాని, మూసిన గదుల్లో వాటి ఆవిరికి మనుషులు చనిపోయిన కారణంగా అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో గృహ వినియోగానికి వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఇప్పుడు దొరికేవి నెమ్మదిగా పనిచేస్తాయి. మందంగా పూసి, ఎండిపోకుండా పైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీయాలి. రెండవసారి, ఒక్కోచోట మూడవసారి కూడా పూయవలసి వస్తుంది. గరాజ్ తలుపు తెరిచి ఉంచండి, చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దాలు వేసుకోండి. అంతా అయ్యాక నీటితో బాగా కడిగి, మొదట చేసిన గుడ్డ పరీక్షను మళ్లీ చేయండి. ఈసారి ప్రతిచోటా గుడ్డ నల్లబడాలి.

పూత పోయిన చక్రాన్ని పగటి వెలుతురులో తిప్పి చూడడానికి పది నిమిషాలు కేటాయించండి. ఆకు మొదట్లో గాని నట్ల రంధ్రాల చుట్టూ గాని వెంట్రుకవంటి పగులు కనిపిస్తే ఆ చక్రం పని అంతటితో ముగిసినట్టే, దాన్ని రోడ్డు మీదికి తేవద్దు. వంగిన అంచును ఇంట్లో మంటతో వేడిచేసి సరిచేయబోవద్దు, వేడి తగిలితే ఆ లోహం బలం మారిపోతుంది. కాలిబాట అంచుకు రాసుకొని పడిన పైపై గాట్లను మాత్రం సన్నని ఆకురాయితో సమం చేసుకోవచ్చు. ఆకురాయి గాళ్లలో సుద్ద ముక్క రుద్దితే అల్యూమినియం ఇరుక్కోకుండా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. పాలిష్ మెరుపును తెస్తుందని అనుకుంటాము గాని, మెరుపులో ఎక్కువ వంతు వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, దగ్గరే నిర్ణయమైపోతుంది. ఒక్కొక్క నంబరు కాగితమూ తన ముందు కాగితం వేసిన గీతలను చెరిపి, వాటి స్థానంలో తనవైన ఇంకా సన్నని గీతలను వేస్తుంది. 320 గీతలను 400 చెరుపుతుంది, 400 గీతలను 600 చెరుపుతుంది, అలా 800, 1000, 1500, 2000 వరకు. మధ్యలో రెండు మెట్లు దాటేస్తే తరువాతి కాగితానికి అంత లోతైన గీతలను చెరిపే శక్తి ఉండదు. అది వాటి గట్లను మాత్రం నునుపు చేసి, లోయలను అలాగే వదిలేస్తుంది. నా రెండవ చక్రంలో 320 నుంచి నేరుగా 1000కి దూకాను. గరాజ్ బల్బు కింద అద్దంలా కనిపించిన అంచు, మరునాటి ఎండలో పెట్టేసరికి గోళ్లతో గీరినట్టు కనిపించింది. మళ్లీ 400కు దిగి మొదటి నుంచి చేసుకొని వచ్చాను.

దీనికి ఒక పద్ధతి పెట్టుకోండి. మొదటి కాగితాన్ని అంచుకు అడ్డంగా, అంటే ఇరుసు నుంచి బయటి వైపుకు రుద్దితే, తరువాతి కాగితాన్ని అంచు వెంబడి చుట్టూ రుద్దాలి, ఆ తరువాతిది మళ్లీ అడ్డంగా. దిశ మారుతుంది కాబట్టి పాత గీతలు ఎక్కడైనా మిగిలితే కొత్త గీతలకు అడ్డుపడి వెంటనే కంటికి తెలుస్తాయి. కాగితాన్ని వేలితో నొక్కకుండా చిన్న రబ్బరు దిమ్మకు చుట్టి పట్టుకోండి, లేకపోతే వేలి గుంటలు లోహంలో అలలుగా పడతాయి. బకెట్టు నీటిలో రెండు చుక్కల సబ్బు వేసి కాగితాన్ని తడుపుతూ ఉండాలి. తడి పని వల్ల మరొక మేలు కూడా ఉంది. అల్యూమినియం సన్నని పొడి గాలిలో లేస్తే మంటకు అంటుకొనే గుణం కలది, తడిలో అది గాలిలోకి లేవదు. నంబరు మారినప్పుడల్లా చక్రాన్ని కడిగి, బకెట్టులో నీళ్లు పారబోసి కొత్తవి పట్టండి. 320 నాటి ఒక్క గరుకు రేణువు 1500 దగ్గర దిమ్మ కింద చేరితే అరగంట పని వృథా. చక్రం హబ్బుకు ఆనుకొనే వెనుక ముఖాన్నీ, నట్లు కూర్చొనే శంఖాకారపు గుంటలనూ ఏ కాగితంతోనూ తాకవద్దు. అక్కడ శుభ్రత చాలు, ఆకారం మారకూడదు.

2000 ముగిసేసరికి అంచు పొగమంచు పట్టిన అద్దంలా ఉంటుంది. ఇక్కడి నుంచి బఫింగ్, అంటే తిరిగే గుడ్డ బిళ్లతో మెరుగుపెట్టడం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పెద్ద మోటారు మీద నిమిషాల్లో జరిగే ఈ పనిని మనం చేతి డ్రిల్లుకు నాలుగు అంగుళాల కాటన్ బఫ్ బిగించి చేసుకోవాలి. తిరుగుతున్న బఫ్‌కు ట్రిపోలి అనే గోధుమరంగు పాలిష్ కడ్డీని ఒక్క క్షణం తాకించి, అంచు మీద ఆపకుండా కదుపుతూ పోవాలి. బఫ్ ఎప్పుడూ లోహపు కొన నుంచి బయటికి తిరిగేలా పట్టుకోండి. కొనకు ఎదురు తిరిగితే అది పట్టుకొని డ్రిల్లును చేతి నుంచి విసిరేస్తుంది. నల్లని జిడ్డు పేరుకుంటే కడ్డీ ఎక్కువైందని అర్థం. ట్రిపోలి జిడ్డును సబ్బునీటితో కడిగేశాక, వేరే కొత్త బఫ్ మీద తెల్లని పాలిష్ కడ్డీ వాడాలి. ఒకే బఫ్ మీద రెండు కడ్డీలు కలపకూడదు. చివరగా మదర్స్, ఆటోసోల్ వంటి చేతి పాలిష్‌లలో ఏదో ఒకటి మెత్తని గుడ్డతో రాసి తుడవండి. నాకు ఒక్కొక్క చక్రానికి ఏడు గంటల వరకు పట్టింది. ఒక వారాంతంలో నాలుగూ ముగించాలనుకుంటే మూడవ చక్రం దగ్గర మెట్లు దాటాలన్న బుద్ధి పుడుతుంది.

మెరిసిన అంచు మీద తిరిగి లక్కర్ వేయాలా వద్దా అన్నది తరచూ వచ్చే సందేహం. నేను వేయలేదు. అద్దంలా నునుపైన లోహానికి స్ప్రే డబ్బా లక్కర్ సరిగా పట్టదు. ఒకచోట రాయి తగిలి చిట్లితే మొదట చూసిన తెల్ల గీతలు మళ్లీ మొదలవుతాయి, అప్పుడు రిమూవర్ దగ్గర నుంచి మొత్తం పని మళ్లీ చేయాలి. మైనం రాసి వదిలేసిన అంచు మసకబారితే పావుగంట చేతి పాలిష్‌తో సరిపోతుంది. ఉప్పు రోడ్ల కాలం వచ్చేసరికి ఈ చక్రాలను తీసి, పాత ఉక్కు చక్రాలను ఎక్కిస్తాను. ఆకుల మధ్య లోతులకు మాత్రం రంగు తప్పదు. అంచును టేపుతో కప్పి, అల్యూమినియానికి పట్టే ఎచ్ ప్రైమరు, దాని మీద బూడిద రంగు, దాని మీద లక్కర్ పలుచని పొరలుగా వేసుకోండి. గట్టిపడే ద్రవం కలిసిన రెండు భాగాల లక్కర్ ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, దానిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానికరం. తగిన మాస్కు లేకుండా దాన్ని తాకకండి.

తిరిగి బిగించే ముందు హబ్బు మీది తుప్పును గీకి, చక్రం కూర్చొనే మధ్య గుండ్రని అంచుకు మాత్రం, లోహాలు అతుక్కుపోకుండా కాపాడే యాంటీ సీజ్ అనే జిడ్డును పలుచగా రాయండి. బోల్టు మరల మీద రాస్తే, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ చూపే లెక్క తప్పుతుంది. అయిదు నట్లను చేత్తో ఎక్కించి, ఒకటి విడిచి ఒకటి వరుసలో నక్షత్రం గీసినట్టు బిగించి, చక్రం నేలకు ఆనాక 85 అడుగు పౌండ్లకు, అంటే 115 న్యూటన్ మీటర్లకు ముగించాలి. యాభై మైళ్లు నడిపాక మరొకసారి రెంచ్ వేసి చూడండి.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. వెనుక తలుపును పూర్తిగా ఎత్తి, కీలు పక్కన తలుపులోకి వెళ్లే వైర్ల కట్టను వేలితో మెల్లగా వంచి చూడండి. వెనుక అద్దం వైపరు పనిచేయకపోవడానికీ, నంబరు ప్లేటు దీపం ఒకసారి వెలిగి ఒకసారి ఆరిపోవడానికీ కారణం ఈ కార్లలో తరచు అక్కడే తెగిన తీగ. ఎన్ని తీగలు చిట్లాయో, వాటి రంగులేమిటో కాగితం మీద రాసి పెట్టుకోండి. అయిదవ పాఠంలో ఆ జాబితాతోనే మొదలుపెడదాం.