టీ-సెల్ లింఫోమాకు స్టెమ్ సెల్ మార్పిడి: ఇంటివాళ్లు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

టీ-సెల్ లింఫోమా అంటే టీ-కణాలనే తెల్లకణాల్లో పుట్టే క్యాన్సర్. దీనికి చేసే స్టెమ్ సెల్ (రక్తాన్ని పుట్టించే మూలకణాల) మార్పిడి సొంత కణాలతోనా, దాత కణాలతోనా? ముందు అది తేల్చుకోండి. ఆరు సైకిళ్ల కీమో అయ్యాక పెట్-సీటీ స్కాన్‌లో జబ్బు కనిపించకపోతే, తిరగబెట్టకుండా ఉండడానికి సాధారణంగా సొంత కణాలతో చేస్తారు. తిరగబెట్టినవాళ్లకు దాత కణాల వైపు మొగ్గుతారు. అలాంటప్పుడు దాత కాగల అన్నదమ్ముల రక్తం ముందుగా ఎక్కించకూడదు. ఒళ్లు వాళ్ల కణాలను తర్వాత తోసిపుచ్చే ప్రమాదం ఉంది. జబ్బు ‘అనాప్లాస్టిక్ లార్జ్ సెల్’ అనే రకమై, బయాప్సీ రిపోర్టులో ‘ఏఎల్‌కే పాజిటివ్’ (క్యాన్సర్ కణాల్లో ఏఎల్‌కే అనే ప్రోటీన్ ఉంది) అని ఉంటే మొదటి విడతలో మార్పిడి సాధారణంగా అక్కర్లేదు. ఆ మాట చూపించి డాక్టరును తప్పకుండా అడగండి.

సొంత కణాల పద్ధతిలో క్యాన్సర్‌ను చంపేది పెద్ద మోతాదు కీమోనే. అది రక్తం తయారయ్యే ఎముక మూలుగను కూడా ఎండగడుతుంది కాబట్టి, ముందే తీసి దాచిన కణాలను మళ్లీ ఎక్కిస్తారు.

కణాలు రక్తంలోకి రావడానికి జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ కిలోకు 10 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు. 60 కిలోల మనిషికి రోజుకు 600 మైక్రోగ్రాములు, నాలుగైదు రోజులు. దీన్ని 2–8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి; ఐసుకు నేరుగా తగిలి గడ్డకడితే పనికిరాదు. నడుము, తొడ ఎముకలు పీకడం మామూలే. తర్వాత మిషన్ మీద రక్తంలోంచి కణాలను వేరుచేసి తీయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పెదాలు చిమచిమలాడితే వెంటనే నర్సుకు చెప్పండి, కాల్షియం తగ్గిందన్నమాట. రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (స్టెమ్ సెల్స్‌ను గుర్తించి లెక్కపెట్టే పేరు) కావాలి, 50 లక్షలైతే మేలు. చాలకపోతే కణాలను మరిన్ని రక్తంలోకి రప్పించే ప్లెరిక్సాఫర్ ఇంజెక్షన్ ఇస్తారు, లేదా మర్నాడు మళ్లీ తీస్తారు.

పెద్ద మోతాదు కీమోలో మెల్ఫలాన్ అనే మందు ఎక్కుతున్నంతసేపూ నోట్లో ఐసుముక్కలు చప్పరించాలి. నోటి రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది, నోటిపూత తగ్గుతుంది. ఆ ఐసు కాచిన నీళ్లదై ఉండాలి.

కణాలు ఎక్కించిన తర్వాతి రోజులే గండం. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) వరుసగా మూడు రోజులు 500 దాటేదాకా, అంటే సుమారు 10–14 రోజులు, రక్షణ ఉండదు. వేడివేడి సంగటి, పప్పు, బాగా ఉడికిన గుడ్డు పెట్టండి. పచ్చి ఊరిబిండి, కోసిపెట్టిన పండ్లు, బయటి పెరుగు, ప్రసాదాలు వద్దు. గదిలో పూలు, పూలకుండీలు కూడా పెట్టొద్దు.

డిశ్చార్జి కాగానే ఇంటికి బయల్దేరకండి. వేలూరుకో చెన్నైకో వెళ్లేవాళ్లు సొంత కణాలైతే సుమారు నెల, దాత కణాలైతే 100 రోజులు ఆసుపత్రి దగ్గరే, విడి బాత్రూం ఉన్న గదిలో ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. తిరుపతి నుంచి వేలూరు వంద కిలోమీటర్ల పైమాటే, రాత్రిపూట ఆ గంట దారిలోనే అయిపోతుంది. డాక్టరుకు చెప్పకుండా పారాసెటమాల్ వేయొద్దు. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ లోపల పాకుతూనే ఉంటుంది.

తిరుమలలో తలనీలాల మొక్కుంటే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు), తెల్లకణాలు కోలుకున్నాక, డాక్టరు సరేనన్నాకే తీర్చుకోండి. కత్తిగాటు చిన్నదైనా రక్తం ఆగదు. దర్శనం క్యూ కంపార్టుమెంట్ల రద్దీ కూడా అప్పటిదాకా వద్దు.

ఊరికొచ్చాక స్థానిక ఆసుపత్రిలో రక్తమో ప్లేట్‌లెట్లో ఎక్కించాల్సి వస్తే, మార్పిడి జరిగిందని ముందే చెప్పి రేడియేషన్ ఇచ్చిన సంచులే అడగండి. లేకుంటే ఆ సంచిలోని తెల్లకణాలు రోగి ఒంటి మీదే దాడి చేయొచ్చు. డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు ఎప్పుడూ వెంట ఉంచుకోండి.