నెగెటివ్ పవర్స్ లెక్క చివరికి ఎలా దారికొచ్చిందంటే (నా అనుభవం)

ఘాతాంక న్యాయాలన్నీ (పవర్ల రూల్స్) నోటికొచ్చు, అయినా నెగెటివ్ పవర్లున్న సమాసం సూక్ష్మీకరించమంటే ప్రతిసారీ ఆన్సర్ తప్పే. ఫార్ములాలు మళ్ళీ బట్టీ పట్టా, వీడియోలు చూశా, ఒకే టైపు లెక్కలు ఇరవై చేశా, ఏదీ పనిచేయలా.

నన్ను ఏడిపించిన లెక్క ఇది: లవంలో (2 · ఎక్స్³ · వై⁻²) మొత్తానికి పవర్ మైనస్ 2, హారంలో 4 · ఎక్స్⁻⁵ · వై. ముందు బయటి పవర్‌ని లోపల ఉన్న అందరి పవర్లతో గుణించి పంచా, ఆ 2కి కూడా (ఇన్నాళ్ళూ దాన్నే వదిలేస్తున్నా, సిగ్గుగా ఉంది చెప్పడానికి), అప్పుడు పైన 2⁻², ఎక్స్⁻⁶, వై⁴ వచ్చాయి. తర్వాత కింద 4ని 2²గా రాసి, ఒక్కో బేస్‌కి (అంటే పవర్ ఉన్న 2, ఎక్స్, వై) ఒక్కో లైను పెట్టి, పై పవర్‌లోంచి కింది పవర్‌ని బ్రాకెట్లో పెట్టి మరీ తీసేశా. 2కి −2 − (2) = −4. ఎక్స్‌కి −6 − (−5) = −1, ఇక్కడ బ్రాకెట్ లేకపోతే నాకు −11 వచ్చేది, అసలు దొంగ అదే. వైకి 4 − (1) = 3. నెగెటివ్ పవర్ ఉన్నవాటిని పాజిటివ్ చేసి కిందికి దించడం అన్నిటికంటే ఆఖర్న చేశా: లవంలో వై³, హారంలో 16 · ఎక్స్. ఎక్స్, వై రెండూ 2 అనుకుని వేసి చూస్తే అసలు లెక్కా ఆన్సరూ రెండూ 1/4, హమ్మయ్య.

అన్నీ గుణకారాలు, భాగహారాలే ఉంటేనే ఇది నడుస్తుంది, మధ్యలో ప్లస్ ఉంటే పవర్ ఇలా పంచకూడదు. భిన్నాల పవర్లకి నేనింకా ఎక్కువ ట్రై చేయలేదు, చేసిన రెండు మూడు మాత్రం కరెక్టే వచ్చాయి.