పెనెలొపీ మగ్గానికి 12 గుండీలు

గ్రీకు పురాణాలతో వ్యూహక్రీడను రూపొందించేటప్పుడు బలమంతా యోధులకే చేరి, స్త్రీ పాత్రలు వారికి సాయపడే పావులుగా మిగిలిపోతుంటాయి. మామగారి శవవస్త్రం పూర్తయ్యాకే పెళ్లి అని చెప్పి, పగలు నేసినదాన్ని రాత్రి విప్పుతూ 108 మంది వరులను మూడేళ్లు ఆపిన పెనెలొపీకి సైన్యం బదులు కాలాన్నే ఆయుధంగా ఇచ్చి చూడండి.

నమూనాకు 12 గుండీలు, లోపల గుడ్డ పరిచిన ఒక పెట్టె చాలు. ఆమె పక్షం ప్రతి వంతులో పగలు 2 గుండీలు వేయాలి. రాత్రి, ఎదుటివారు కళ్లు మూసుకున్నప్పుడు, 3 వరకు తీయవచ్చు. పెట్టెలో 12 చేరితే వివాహం, 8 వంతులు గడిస్తే దూరదేశం నుంచి ఆమె భర్త ఒడిస్సియస్ రాక. వరుల పక్షం పరిచారిక సాయంతో (కథలోనూ గుట్టు విప్పింది పరిచారికే) ఆట మొత్తంలో రెండు రాత్రులు కళ్లు తెరవవచ్చు. తీస్తూ పట్టుబడితే ఆమెకు ఇక విప్పే హక్కు ఉండదు.

ఈ తనిఖీలకు పరిమితి లేకపోతే మాత్రం వరులు ప్రతి రాత్రీ చూస్తారు, పెనెలొపీకి ఎత్తు వేసే అవకాశమే మిగలదు.