షెడ్డు నుంచి వచ్చాక బ్రేక్ లైటు వెలుగుతోందా? ముందు ఇవి చూడండి

బ్రేక్ పని చేయించి బండి ఇంటికి తెచ్చుకున్న మర్నాడే మీటర్లో ఎర్రగా బ్రేక్ లైటు వెలిగితే చాలామంది చేసే మొదటి పని, బానెట్ ఎత్తి డబ్బాలో కాస్త బ్రేక్ ఆయిల్ పోసేయడం. లైటు ఆరిపోతుంది, టెన్షన్ పోతుంది, బండి తీసుకుని వెళ్లిపోతారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. బ్రేక్ ఆయిల్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న పైపుల్లోనే ఉంటుంది. అది తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదంటే ఎక్కడో కారుతుండాలి. ప్యాడ్లు నిన్ననే మార్చారు కాబట్టి మొదటి కారణం లేనట్టే. ఇక మిగిలింది కారడం, లేదా ఎయిర్ తీసినవాళ్లు (పైపుల్లో చిక్కుకున్న గాలిని బయటికి పంపినవాళ్లు) చివర్లో లెవల్ చూడకుండా మూత పెట్టేయడం.

ఇది ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్‌లో (ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగంలో) పిస్టన్ బయటికి వస్తూ ఉంటుంది, ఆ ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. అందుకే రెండేళ్లు తిరిగిన బండిలో లెవల్ కాస్త కిందికి ఉండడం మామూలే. కొత్త ప్యాడ్లు వేయాలంటే ఆ పిస్టన్‌ని మళ్లీ లోపలికి తోస్తారు, ఆయిల్ వెనక్కి డబ్బాలోకి వస్తుంది. అంటే ప్యాడ్లు మార్చాక లెవల్ పెరగాలి. తగ్గితే అది అనుమానించాల్సిన విషయమే.

ముందు ఏ లైటు వెలుగుతోందో సరిగ్గా చూడండి. గుండ్రం మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తుతో ఎర్రగా ఉంటే అది హ్యాండ్ బ్రేక్ గానీ ఆయిల్ లెవల్ గానీ. ఆరెంజ్ రంగులో ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసేది) అని వెలిగితే అది ఎక్కువగా చక్రాల దగ్గర సెన్సార్ల గొడవ. మామూలు బ్రేకు పనిచేస్తుంది, ఏబీఎస్ మాత్రం పనిచేయదు. రెండూ కలిసి వెలిగితే చాలా బండ్లలో ఈబీడీ (ముందు, వెనక చక్రాలకి బ్రేక్ ఒత్తిడిని పంచేది) కూడా ఆగిపోయిందని అర్థం. అంటే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే ప్రమాదం ఉంది. గుండ్రం పక్కన చుక్కల గీతలతో ఆరెంజ్ లైటైతే ప్యాడ్ల అరుగుదల సెన్సార్.

ఎర్ర లైటు ఉంటే బండి కదిలించకముందే పెడల్ చూడండి. ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడాలి. అలాగే కాలు పెట్టి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగి ఆగాలి. అది బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం) పనిచేస్తోందనడానికి గుర్తు, కంగారు పడొద్దు. అక్కడి నుంచి ఒక అర నిమిషం అదే ఒత్తిడితో తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) లోపల సీలు పోయినట్టే, బయట చుక్క కారకపోయినా సరే. ఎయిర్ తీసిన తర్వాత పాత బండ్లలో ఇలా జరుగుతుంటుంది. రోజూ సగం దూరమే తిరిగే ఆ సిలిండర్ పిస్టన్‌ని ఎయిర్ తీసేటప్పుడు పెడల్ అడుగంటా తొక్కించి చివరిదాకా పంపిస్తారు, లోపల ఆ చివర తుప్పో మడ్డో పట్టి ఉంటే సీలు అక్కడ చీరుకుపోతుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా తగిలితే మాత్రం ఎయిర్ ఇంకా మిగిలి ఉంది. జారినా, మెత్తగా ఉన్నా బండి నడపకండి, షెడ్డు రెండు వీధుల అవతలే ఉన్నా సరే. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే టోయింగ్‌కి ఫోన్ చేయండి, లేదంటే మెకానిక్‌నే ఇంటికి రమ్మనండి.

పెడల్ బాగుంటే ఇక తేలికైనవి చూద్దాం. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి, లివర్‌ని చేత్తో ఇంకాస్త కిందికి అదిమి చూడండి. లైటు ఆరిపోతే మీ సమస్య అక్కడే దొరికింది. వెనక డ్రమ్ములో లైనర్లు (డ్రమ్ బ్రేకుల్లో ప్యాడ్ల పని చేసేవి) మార్చినప్పుడు హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా సర్దుతారు, చాలా బండ్లలో దానికోసం లివర్ చుట్టూ ఉన్న కన్సోల్ విప్పాలి. లివర్ మొదట్లో ఒక చిన్న స్విచ్, దానికి ఒక వైరు ఉంటాయి. లివర్ లేస్తే ఆ స్విచ్ వైరుని బాడీకి ఎర్త్ చేస్తుంది, లైటు వెలుగుతుంది. కన్సోల్ తిరిగి బిగించేటప్పుడు స్విచ్ రేకు వంగినా, వైరు ఇనుముకీ ప్లాస్టిక్‌కీ మధ్య నలిగినా హ్యాండ్ బ్రేక్ దించే ఉన్నా లైటు ఆరదు. స్విచ్ వైరు పీకి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత ఆయిల్ డబ్బా. సమంగా ఉన్న నేల మీద బండి పెట్టి, మురికి తుడిచి, మిన్, మ్యాక్స్ గీతల మధ్య లెవల్ ఎక్కడుందో టార్చ్ వేసి చూడండి. లోపల ఒక తేలే ముక్క, దానిలో అయస్కాంతం ఉంటాయి, ఆయిల్ దిగితే అది కిందికొచ్చి స్విచ్‌ని కలుపుతుంది. మలుపు తిరిగేటప్పుడో, ఎత్తు ఎక్కేటప్పుడో, బ్రేక్ తొక్కినప్పుడో వెలిగి మళ్లీ ఆరిపోతుంటే లెవల్ సరిగ్గా అంచు మీద ఉందన్నమాట. లెవల్ నిండుగా ఉండి కూడా వెలుగుతుంటే డబ్బాని వేలితో తట్టండి, తేలే ముక్క ఇరుక్కుపోయి ఉండొచ్చు. అప్పటికీ పోకపోతే డబ్బాకి ఉన్న కప్లర్ (వైరు కలిసే ప్లగ్గు) పీకి చూడండి. లైటు ఆరితే ఆ సెన్సార్ వైపే తప్పు. ఆరకపోతే మాత్రం వెంటనే తేల్చేయకండి, కొన్ని బండ్లలో కప్లర్ పీకితేనే లైటు వెలుగుతుంది.

లెవల్ తగ్గి ఉంటే కారేది వెతకాలి. రాత్రి నాలుగు చక్రాల దగ్గరా, ఇంజన్ కిందా అట్టముక్కలు పరిచి పొద్దున చూడండి. బ్రేక్ ఆయిల్ పల్చగా, జారుడుగా ఉంటుంది, కొత్తదైతే లేత పసుపు, పాతదైతే టీ రంగు. పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది కాబట్టి బాడీ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. టైరు లోపలి వైపు తడిగా ఉంటే ఆ చక్రం విప్పించాల్సిందే. ఎక్కువగా దొరికే చోట్లు మూడు: ఎయిర్ తీసే నిపిల్ సరిగ్గా బిగించకపోవడం, క్యాలిపర్‌కి హోస్ కలిసే బోల్టు దగ్గర పాత వాషర్లనే మళ్లీ వేయడం, డ్రమ్ములో వీల్ సిలిండర్ రబ్బరు నుంచి కారడం. ఆ వాషర్లు బిగిస్తే నలిగి అతుక్కునే రకం, ఒకసారి నలిగాక మళ్లీ పట్టవు. హోస్ విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి, వాటి ఖరీదు ఎంతో కాదు, అయినా చాలా షెడ్లలో వేయరు. కారిన ఆయిల్ ప్యాడ్లకో లైనర్లకో అంటితే తుడిచి వాడొద్దు, మార్చాల్సిందే.

ఇక్కడ చాలామందికి తట్టనిది ఒకటుంది. మీరు చేయించింది బ్రేక్ పని కాకుండా క్లచ్ పని అయినా బ్రేక్ లైటు వెలగొచ్చు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఆయిల్ డబ్బా ఒకటే. క్లచ్ సిలిండర్ దగ్గర కారితే, లేదా గేర్‌బాక్స్ దింపినప్పుడు పైపు విప్పి ఆయిల్ పోతే, ఇక్కడ లెవల్ పడిపోతుంది.

ఏబీఎస్ లైటైతే ఏ పని చేశారన్నదే సగం జవాబు. బేరింగ్, షాక్ అబ్జార్బర్, లోయర్ ఆర్మ్, యాక్సిల్, వీటిలో ఏది ముట్టుకున్నా ఆ చక్రం సెన్సార్ వైరు దారిలో ఉంటుంది. స్టీరింగ్ ఒకవైపు చివరిదాకా తిప్పి వైరు లాగినట్టు ఉందా, క్లిప్పులన్నీ ఉన్నాయా, కప్లర్ టక్కుమని పడిందా చూడండి. తాళం తిప్పగానే వెలిగి ఆరకపోతే వైరో కప్లరో తెగి ఉండే అవకాశం ఎక్కువ. స్టార్ట్ చేసినప్పుడు ఆరిపోయి, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక వెలిగితే సెన్సార్‌కి సిగ్నల్ అందడం లేదన్నమాట. ఈ రెండో రకంలో, అదీ బేరింగ్ మార్చాక అయితే, నా అనుమానం సూటిగా బేరింగ్ మీదికే వెళ్తుంది. ఇప్పటి చాలా బేరింగుల్లో ఒకవైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, చూడ్డానికి రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆ రింగు సెన్సార్ వైపు ఉండాలి. తిరగేసి కొట్టేస్తే చక్రం హాయిగా తిరుగుతుంది, చప్పుడు రాదు, ఏబీఎస్ మాత్రం పనిచేయదు. దాన్ని బయటికి లాగితే బేరింగ్ పాడైపోతుంది కాబట్టి కొత్తది పడుతుంది. ఆ ఖర్చు మీది కాదు, గట్టిగానే అడగండి.

స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్లు చదివే పరికరం) పెట్టించేటప్పుడు కూడా ఒక మాట. ఫోన్‌కి కలిపే చవక రకం ఓబీడీ అడాప్టర్లు సాధారణంగా ఇంజన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ కంప్యూటర్‌తో మాట్లాడవు. వాటిలో “తప్పులేమీ లేవు” అని వస్తే నమ్మకండి. ఏబీఎస్ చదివే స్కానర్‌లో సీ అక్షరంతో మొదలయ్యే కోడ్లు వస్తాయి, సాధారణంగా సీ0035 అంటే ఎడమ ముందు చక్రం సెన్సార్, సీ0040 అంటే కుడి ముందుది. కోడ్ చెరిపే ముందు ఫోటో తీసుకోండి.

ప్యాడ్ల సెన్సార్ లైటైతే పెద్ద కంగారు అక్కర్లేదు. ఆ సెన్సార్ ఉన్న బండికి సెన్సార్ లేని ప్యాడ్లు వేసి కప్లర్ గాల్లో వదిలేస్తే సర్క్యూట్ తెగినట్టే, లైటు వెలుగుతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండ్లలో మాత్రం వెనక ప్యాడ్లు మార్చడానికి సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అలా పెట్టకుండా పిస్టన్‌ని బలవంతంగా తోస్తే మోటారు దెబ్బతింటుంది, ఈ పని స్కానర్ లేని షెడ్డులో చేయించకండి.

కారణం దొరికి బాగుచేశాక, డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని రాసి ఉందో డాట్ 4 అని రాసి ఉందో చూసి, సీలు విప్పని సీసాలోంచే మ్యాక్స్ గీత దాటకుండా పోయించండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, షెడ్డులో మూత తీసి ఉంచిన సగం సీసా వద్దు. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ పొరపాటున కూడా అందులో పడకూడదు, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, ప్యాడ్లు మార్చిన తర్వాత మొదటి తొక్కు అడుగుకి వెళ్తుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో, ఆ తర్వాత 40లో నాలుగైదుసార్లు ఆపి చూడండి. దిగాక ఒక్కో చక్రం దగ్గరా చెయ్యి పెట్టండి, డిస్కుకి తగలకుండా. ఒకటే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోంది. డబ్బా మీద లెవల్ ఉన్నచోట మార్కర్‌తో చిన్న గీత పెట్టి, వారంపాటు రోజూ పొద్దున్నే చూస్తూ ఉండండి. ఆ గీత కంటే ఆయిల్ కిందికి వెళ్తే అదే షెడ్డుకి తీసుకెళ్లి, మీ ముందే చక్రాలు విప్పమనండి.