పిల్లవాడి ప్రవర్తన గురించి డాక్టరును కలిసే ముందు

• రెండు వారాలు నోటుపుస్తకంలో రాసిపెట్టండి. “ఎప్పుడూ కొడతాడు” అంటే డాక్టరుకు ఏమీ అందదు. “మంగళవారం సాయంత్రం మేం ఫోను తీసేసుకోగానే పళ్లెం విసిరాడు, 20 నిమిషాలు ఏడ్చాడు” అంటే ఎంతో తెలుస్తుంది. అంతకుముందు తిన్నాడా, నిద్రపోయాడా అన్నదీ రాయండి.

• చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. పిలిస్తే పలకని బిడ్డను మొండివాడని కొడుతుంటాం. పాపం, వాడికి వినబడకపోవచ్చు.

• బడిలో ఎలా ఉంటాడో టీచరును అడగండి.

• వాడి ఎదుటే తప్పులు ఏకరువు పెట్టకండి. ఆ మాటలు వాడు మరచిపోడు.

• ఎవరో చెప్పిన మందులు వేయకండి.

• దగ్గరలో నిపుణులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

• తనను తాను గాయపరచుకుంటున్నా, చచ్చిపోతానంటున్నా నోటుపుస్తకం పక్కన పెట్టి ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.