స్వయం కోర్సు క్రెడిట్లు మెమోలో ఎక్కేదాకా

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో కోర్సు చేసి, పరీక్ష పాసై, ఆ క్రెడిట్లు మెమోలో వేయమని సర్టిఫికెట్ పట్టుకుని కాలేజీకి వెళ్తే "మన దగ్గర అలాంటిదేం లేదమ్మా" అంటారు. ఆ ఒక్క మాటకే వెనక్కి వచ్చేయకండి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయనివ్వొచ్చు, 2016లో ఇది 20 శాతమే. కానీ ఆ 'దాకా' దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. అది గరిష్ఠ పరిమితి. మీ కోర్సు ఏ పేపరుకు బదులో తేల్చేది యూనివర్సిటీ, అటానమస్ అయితే కాలేజీయే.

అందుకే కోర్సులో చేరకముందే అర్జీ పెట్టండి. నోటిమాట కాదు, కాగితం మీద. ఎడమ పక్క మీ పేపరు సిలబస్, కుడి పక్క స్వయం కోర్సు వారాలవారీ సిలబస్ పెట్టి ఏ యూనిట్‌కి ఏ వారం సరిపోతుందో మీరే రాసివ్వండి, వాళ్లు కూర్చుని పోల్చుతారని ఆశపడొద్దు. మా ఫైలు ఒక సీటు దగ్గర రెండు నెలలు పడి ఉంది, ఎందుకయ్యా అంటే సిలబస్ జత చేయలేదట! ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఎక్కువగా వచ్చే అభ్యంతరం క్రెడిట్ల లెక్క. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్పీటీఈఎల్ విభాగంలో 12 వారాల కోర్సుకి సాధారణంగా 3 క్రెడిట్లు, 8 వారాలకి 2, 4 వారాలకి 1. మీ పేపరు 4 క్రెడిట్లదైతే ఒకటి తగ్గుతుంది. 12 వారాలదానికి 4 వారాలది కలిపి చూపిస్తారా, లేక 3 క్రెడిట్ల ఎలక్టివ్‌కే అడుగుతారా, అర్జీలోనే తేల్చి రాయండి.

ఫైలు నడిచే దారి మామూలుగా హెచ్‌ఓడీ, సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్, దానిపైన అకడమిక్ కౌన్సిల్, ఆపైన ఎగ్జామినేషన్ బ్రాంచ్. కౌన్సిల్ మీటింగ్ మాటిమాటికీ జరగదు, ఒకటి తప్పితే మళ్లీ నెలలు ఆగాలి, అజెండాలో ఎక్కించడానికి ఆఖరి తేదీ ఎప్పుడో ముందే కనుక్కోండి. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా ఇన్‌వర్డ్ నంబరు, అంటే అర్జీ అందినట్టు రిజిస్టర్‌లో వేసే నంబరు, తీసుకోండి. "చూస్తాం" అంటే "ఫైలు ఇప్పుడు ఏ సీటు దగ్గరుంది సార్?" అని అడగండి, వారానికోసారి, మర్యాదగా. పెద్దసార్ల చుట్టూ తిరిగినదానికంటే సెక్షన్‌లో ఫైలు చూసే ఆవిడతో మాట్లాడాకే మా పని కదిలింది. ఒక్కరే వెళ్లకండి, ఐదారుగురు సంతకాలు పెట్టి ఇస్తే పక్కన పడేయడం కష్టం.

అయినా ఉలుకూ పలుకూ లేకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, తృప్తి లేకపోతే ఆంబుడ్స్‌పర్సన్‌కి (ఇలాంటి అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు చేసుకోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు, జవాబుకి 30 రోజులు గడువు. అందులో "ఎందుకు ఇవ్వట్లేదు" అని రాస్తే దండగ, "ఫలానా ఇన్‌వర్డ్ నంబరు అర్జీపై నోట్ ఫైలు కాపీ, కౌన్సిల్ తీర్మానం కాపీ" అని కాగితాలే అడగండి.

మంజూరయ్యాక కూడా టెన్షన్ పూర్తిగా పోదు. క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, క్రెడిట్లు అక్కడ కనిపిస్తున్నాయా చూసుకోండి. మెమో చేతికొచ్చిన రోజే ఆ కోర్సు పేరు, క్రెడిట్లు, గ్రేడు మూడూ పడ్డాయో లేదో కౌంటర్ దగ్గర నిలబడే చదవండి, తప్పుంటే అక్కడే అప్పుడే రాసిచ్చి రండి.