పెద్ద రక్తనాళం ఉబ్బిందన్నారా? పరలాకిమిడిలో ఉంటే ఇలా చేయండి

మూత్రం సరిగా రావట్లేదని మా మావయ్యకి కడుపు స్కానింగ్ తీయించాం. రిపోర్టు నాలుగు మడతలు పెట్టి రేషన్ కార్డు కవర్లో దాచేశారు. రెండు రోజులయ్యాక విప్పి చదివితే ప్రోస్టేట్ సంగతి కింద ఇంకో లైను: ‘అబ్డామినల్ అయోర్టిక్ ఎన్యూరిజం, 4.6 సెం.మీ.’ అంటే కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని. ఎవరూ నోటితో చెప్పలేదు. రిపోర్టు చివరి లైను దాకా చదివించుకోండి.

గుండె నుంచి కడుపులోకి దిగే ఆ నాళం మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది. 3కి చేరితే ఉబ్బు కింద లెక్క. మగవాళ్లకి 5.5, ఆడవాళ్లకి 5 దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. అప్పటిదాకా నొప్పే ఉండకపోవచ్చు. 65 దాటి, పొగతాగే అలవాటున్న మగవాళ్లు ఒక్కసారైనా చూపించుకోవాలి. మామూలు అల్ట్రాసౌండ్ చాలు.

పగిలితే సగం మందికి పైగా ఆసుపత్రి చేరకముందే పోతారు. మనకి విశాఖ మూడున్నర, నాలుగు గంటల దారి. అందుకే అక్కడి ఆసుపత్రులకి ఫోన్లన్నీ ఇప్పుడే చేసుకోవాలి. “సర్జన్ ఉన్నారమ్మా” అంటే నమ్మేయకండి. ఒకచోట నాకూ అలాగే చెప్పారు, తీరా ఆయన వచ్చేది వారానికి రెండు రోజులు! అర్ధరాత్రి వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల ఆపరేషన్ చేసే డాక్టర్) వస్తారా, సీటీ యాంజియో (రక్తనాళాల్ని చూపించే స్కాన్) తీస్తారా, మన ఒడిశా ఆరోగ్య కార్డు చెల్లుతుందా అని విడివిడిగా అడగండి. 108 ఆంధ్రా సరిహద్దులోని పాతపట్నం దాటి విశాఖ దాకా వస్తుందో లేదో కూడా కనుక్కోండి. మేమైతే ఇద్దరు కారు డ్రైవర్ల నంబర్లు క్యాలెండర్ మీద రాసుకున్నాం.

ఉన్నట్టుండి కడుపులోనో నడుములోనో పొడిచినట్టు నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం ఉంటే గ్యాస్ అనుకుని ఇంజెక్షన్‌తో సరిపెట్టకండి. కిడ్నీలో రాయి అనీ పొరబడతారు. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా మొదట ‘ఈయనకి ఎన్యూరిజం ఉంది’ అని చెప్పి రిపోర్టు చేతిలో పెట్టండి.

మావయ్యది రెండో ఏడాదికి 5.6 అయింది. తొడ దగ్గరి నాళంలోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (ఉబ్బిన చోట లోపల అమర్చే గుడ్డ గొట్టం) వేశారు, నాలుగో రోజు ఇంటికొచ్చేశాం. అందరికీ ఇలా కుదరదు, కొందరికి కడుపు కోయాల్సిందే. స్టెంట్ పక్కనుంచి రక్తం లీకవుతోందేమోనని ఇప్పటికీ డాక్టర్ చెప్పినప్పుడల్లా స్కాన్‌కి వెళ్తున్నాం.

రక్తసంబంధీకులకీ వచ్చే అవకాశం ఎక్కువన్నారు. కాశీనగరంలో ఉన్న ఆయన తమ్ముణ్ని బతిమాలి స్కాన్‌కి తీసుకెళ్లాం. 2.1 వచ్చింది. బయటికి రాగానే చుట్ట వెలిగించాడు.